కుప్ప, తవుడు, పాతచెప్పు

1
కనెక్షన్: తవుడు

ఈ రోజు నుంచి ఏడో బాయి దీపాల గది నాది. ఓదెలు కాకకు చూపు మందగించింది కాబట్టి పంచాయితీ వాళ్ళు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. దీపాలు చార్జింగ్‌కు పెట్టాలి, కంప్యూటర్ చూసుకోవాలి, రోజూ ఈ పుస్తకంలో రాయాలి. రాసేముందు, కంప్యూటర్ ఆ వేళకు ఏ నెట్‌వర్క్‌కు కనెక్ట్ అయి ఉందో పైన వేయాలట. చేత్తోనే రాయాలి, ఎందుకంటే మా కంప్యూటర్ వేడెక్కి ఎప్పుడు ముసుగుతన్ని పడుకుంటుందో దానికే తెలియదు.

సరే, వేశాను. తవుడు. కొత్త ఉద్యోగం మొదలుపెట్టడానికి ఎంత మంగళకరమైన మాట!

వెనకట ఇది బొగ్గుబాయి. బొగ్గు అయిపోయింది, పైన ఎండ మిగిలింది. పగటిపూట పైకి పోయినవాడు తిరిగి రావడం కల్ల. అందుకే మా తాతల కాలంలోనే జనమంతా ఈ సొరంగాల్లోకి దిగిపోయారు. మొత్తం ఐదు లెవళ్ళు. ప్రతి లెవల్ గోడలకూ నెట్‌వర్క్ డబ్బాలు. మూడో లెవల్లో నీళ్ళ మోటారు వేయాలంటే ముందు కంప్యూటర్‌ను అక్కడి డబ్బాకు కనెక్ట్ చేయాలి. నాలుగో లెవల్ ఫ్యాను తిప్పాలంటే అక్కడి డబ్బాకు. పని ఇంతే, పేర్లు సరిగ్గా ఉంటే పసిపిల్లలు కూడా చేస్తారు.

ఆ పేర్లే నా ఖర్మ. కంప్యూటర్‌లో దాచిన జాబితా తెరిస్తే ఇవీ కనిపించినవి: కుప్ప, తవుడు, పాతచెప్పు, చీపురు, పెంట ఒకటి, పెంట రెండు, పెంట మూడు, పెంట నాలుగు. మధ్యమధ్యలో కంప్యూటర్ తనంతట తాను పెట్టుకున్న నెట్‌వర్క్ 14, నెట్‌వర్క్ 15 లాంటివి. డబ్బా మార్చినప్పుడల్లా అది కొత్త అంకె వేసుకుంటుంది, పాతది తీసేయదు. ఎప్పుడో చనిపోయిన కొమురయ్య ఫోను కూడా జాబితాలో అట్లాగే ఉంది.

"ఇవేం పేర్లు కాకా?" అని అడిగాను.

"నాకంటె ముందు లింగయ్య ఉండె. ఆయన పెట్టిండు. ఆయనకు ఆయన ముందటోడు చెప్పిండట. నువ్వు వాటి జోలికి పోకు బిడ్డా."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్త? వెనకట పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినోళ్ళకు పెంటమ్మ అని, పెంటయ్య అని పేరు పెట్టేటోళ్ళు గదా. మంచి పేరు పెడ్తె యముని కంట్ల పడ్తదని. గట్లనే అనుకో."

"మోటార్లకు కూడా యముడు వస్తడా?"

"ఇన్నేండ్ల సంది రాలే గదా" అని ఆయన తన కర్ర వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. పెంట అన్న మాట నాకు మొదటినుంచీ పడదు.

2
కనెక్షన్: పెంట నాలుగు

ఇవాళ నా చేతుల మీదుగా ఘోరం జరగవలసింది, తప్పిపోయింది.

నా తమ్ముడు సారయ్య, వాడి భార్య నీలవేణి. వాళ్ళకు ఇంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. ఈసారి ఆడపిల్ల నెలలు నిండకుండానే పుట్టింది. గుప్పెడంత ఉంది. ఐదో లెవల్ ఆసుపత్రిలో వెచ్చపెట్టెలో పెట్టారు. పైన నిప్పులు కురుస్తున్నా కింద ఐదో లెవల్లో రాయి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఆ పెట్టె వేడి లేకపోతే పిల్ల నిలవదని సిస్టర్ గ్రేసమ్మ మొదటిరోజే చెప్పింది.

పొద్దున మురుగు మోటారు ఆపబోయాను. అది పెంట మూడు. నేను కనెక్ట్ అయింది పెంట నాలుగుకు. అంటే వెచ్చపెట్టెకు! గుర్తించకుండానే ఆపేసి, చాయ్ పెట్టుకుంటూ కూర్చున్నాను. గ్రేసమ్మ మెట్లెక్కి రొప్పుతూ వచ్చింది.

"ఏం చేసినవమ్మా? పెట్టె సల్లబడ్డది! పోరి పెదవులు నీలమైనయ్!"

వెంటనే తిరిగి వేశాను. కిందికి పరుగెత్తి చూశాను. పిల్ల రంగు మెల్లగా తిరిగి వస్తోంది. నీలవేణి గోడకు ఆనుకుని నావైపు చూసింది, ఒక్క మాట అనలేదు. రెండు తిట్టినా బాగుండేది.

పైకి వచ్చి ఆ జాబితా ముందు కూర్చున్నాను. ఒక పెంటకూ ఇంకో పెంటకూ తేడా ఏమిటో ఎవడికి తెలుస్తుంది? ప్రాణాలు నిలిపే యంత్రానికి ఎవరైనా ఆ పేరు పెడతారా? ఆచారమట, నా బొంద! రేపు అన్నీ మార్చేస్తాను.

3
కనెక్షన్: నీళ్ళు - మూడో లెవల్

మార్చేశాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం బువ్వ వేళకు అయిపోయింది.

పెద్ద విద్యేమీ కాదు. జాబితాలో పేరు మీద నొక్కితే రెండు మాటలు వస్తాయి: ‘పేరు మార్చు’, ‘మరిచిపో’. కంప్యూటర్ పెట్టుకున్న అంకెలన్నింటికీ మరిచిపో నొక్కాను. కొమురయ్య ఫోను దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. ఆయన భార్య రోజూ దీపం తీసుకోవడానికి వచ్చి, "ఉన్నదా ఇంకా?" అని తెర వైపు తొంగిచూసి పోతుంది. ఉండనిచ్చాను.

మిగతావాటికి ‘పేరు మార్చు’. పాతచెప్పు ఇప్పుడు ‘నీళ్ళు - మూడో లెవల్’. కుప్ప ఇప్పుడు ‘గాలి - నాలుగో లెవల్’. తవుడు అంటే దీపాల చార్జింగ్, ఆ పేరు చూసి ఎవరికి తెలుస్తుంది? పెంట నాలుగు ఇప్పుడు ‘ఆసుపత్రి - వెచ్చపెట్టె’. కళ్ళకు ఎంత హాయిగా ఉందో! ఇప్పుడు ఎవరు వచ్చి కూర్చున్నా పొరపాటు పడరు.

సాయంత్రం సారయ్య వచ్చి చూసి మెచ్చుకున్నాడు. వాడి మొహంలో చాలా రోజుల తర్వాత నవ్వు కనిపించింది. పిల్ల కాస్త పాలు మింగిందట.

"అక్కా, ఇరవై ఒకటో నాడు పేరు పెట్టాలె. మేనత్తవు, చెవుల చెప్పేది నువ్వే. అమ్మ ఉంటే ఏమనేదో ఎరికే గదా?"

"అనకు" అన్నాను.

"పెంటమ్మ అనే పెట్టమంటుండె."

"సారయ్యా! ఆ పేరు ఈ ఇంట్ల మళ్ళ వినపడొద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

వాడు నవ్వుతూ పోయాడు. రాస్తున్నాను కాబట్టి రాసేస్తాను, దాచేదేముంది. అది నా పేరే. నాకు ముందు మా అమ్మకు ముగ్గురు పోయారు, అందుకని నన్ను పుట్టగానే చెత్తకుప్ప మీద పెట్టి తీసి ఆ పేరు పెట్టారు. బడిలో ముక్కు మూసుకుని పిలిచేవాళ్ళు. పదిహేనో ఏట జనాభా రిజిస్టర్లో ఆ పేరు రద్దు చేయించుకుని హిమబిందు అని రాయించుకున్నాను. మంచు అంటే ఎట్లా ఉంటుందో మా తాత కూడా చూడలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఓదెలు కాక అప్పుడు ఎగతాళి చేశాడు. చేస్తే చేశాడు, నేను మాత్రం ఆ రోజు కడుపునిండా బువ్వ తిన్నాను.

4
కనెక్షన్: నీళ్ళు - మూడో లెవల్ (ఉమ్మడి వాటా)

ఇవాళ బేస్తవారం. సమవర్తి వచ్చి చదివి పోయింది.

సమవర్తి అంటే నలభై బాయిలకూ కరెంటు పంచే యంత్రం. పైన ఎక్కడో చల్లటి గదిలో ఉంటుందంటారు. ప్రతి బేస్తవారం అన్ని బాయిల కంప్యూటర్లలో దాచిన నెట్‌వర్క్ పేర్లు చదువుతుంది. ఒక్కొక్క యంత్రాన్నీ పరిశీలించే తీరిక దానికి లేదు. పేరు చూసి అవసరమైనదా కాదా తేల్చుకుంటుంది. అవసరమైనదాన్ని ఉమ్మడి వాటాలో కలుపుకుని, అందరికీ సమానంగా గంటలు పంచుతుంది. అక్కరలేనిదాన్ని వదిలేస్తుంది. వదిలేసినవి మా బాయి సొంత సోలార్ పలకల మీద ఆగకుండా నడుస్తాయి.

మా బాయి నుంచి అది ఇన్నేళ్ళలో ఏదీ తీసుకోలేదు. ఇవాళ తీసుకుంది. ‘నీళ్ళు - మూడో లెవల్: అవసరమైన సేవగా గుర్తించడమైనది. ఉమ్మడి వాటాలో కలపడమైనది.’ ఇక నుంచి నీళ్ళు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు.

మొదట నాకు గర్వమే కలిగింది, నిజం చెప్పాలంటే. చూశారా, సరైన పేరు పెడితే సర్కారు యంత్రం కూడా గౌరవిస్తుంది అనుకున్నాను. మూడో లెవల్ ఆడవాళ్ళు బిందెలతో వచ్చి దీపాల గది ముందు నిలబడ్డాక ఆ గర్వం దిగింది. వెనక్కి మారుద్దామని పేరు మీద నొక్కితే ‘పేరు మార్చు’ అన్న మాట బూడిద రంగులోకి మారి ఉంది. ఎంత నొక్కినా పలకడం లేదు.

5
కనెక్షన్: గాలి - నాలుగో లెవల్ (ఉమ్మడి వాటా)

ఈ బేస్తవారం గాలి పోయింది. నాలుగో లెవల్ ఫ్యాను గంటలు పంచుకుని తిరుగుతోంది. ముసలివాళ్ళు చాపలు తీసుకుని రెండో లెవల్‌కు ఎక్కి వస్తున్నారు. దారిలో నన్ను చూసి పక్కకు తిరుగుతున్నారు.

అసలు కత్తి ఇంకా పైనే వేలాడుతోంది. జాబితాలో ‘ఆసుపత్రి - వెచ్చపెట్టె’ పక్కన కొత్త గుర్తు వచ్చింది: పరిశీలనలో. అంటే వచ్చే బేస్తవారం దాని వంతు.

గ్రేసమ్మను అడిగాను, పెట్టె ఆగి ఆగి నడిస్తే ఏమవుతుందని. ఆమె చేతిలో గుడ్డ మడత పెడుతూ మెల్లగా చెప్పింది.

"ఒక్కసారి, రెండుసార్లు అయితే ఒళ్ళో పెట్టుకుని కాచుకుంటం. రోజుకు ఇన్నిసార్లు అంటే దాని ఒంట్ల అంత శక్తి లేదు. ఆ ఇద్దరి లెక్కనే పోతదమ్మా."

నేరుగా ఓదెలు కాక దగ్గరికి పోయాను. ఆయన మంచం మీద కూర్చుని తడుముకుంటూ వెల్లుల్లి ఒలుస్తున్నాడు. జరిగింది చెప్పాను. తిడతాడనుకుంటే తిట్టలేదు, ఆయన చేతులు ఆగిపోయాయి.

"అందుకేనా ఆ పేర్లు?" అన్నాడు.

"నీకు తెల్వదా?"

"నాకేం ఎరుక? యముడని చెప్పిండ్రు, యముడనే అనుకున్న. సమవర్తి అన్నా యమునికున్న పేరే గదనే. పై దొరలు దానికి ఆ పేరెట్ల పెట్టిండ్రో, మనోళ్ళు గీ పేర్లు ఎట్ల పెట్టిండ్రో." మళ్ళీ వెల్లుల్లి అందుకుని, "నేను తెల్వక ఊకున్న, నువ్వు తెల్వక గెలికినవ్. ఇద్దరం ఇద్దరమే" అన్నాడు.

ఆయన ఓదార్చడానికే అన్నాడు. నాకు ఓదార్పు కలగలేదు. కొరివితో తల గోక్కున్నది నేను, కాలుతున్నది ఆ పసిదాని తల.

6
కనెక్షన్: ఆసుపత్రి - వెచ్చపెట్టె (పరిశీలనలో)

దీనికి ఇంకా ‘పేరు మార్చు’ పనిచేస్తోంది. పెంట నాలుగు అని తిరిగి మార్చాను. చాయ్ తాగి వచ్చేలోపే మళ్ళీ ‘ఆసుపత్రి - వెచ్చపెట్టె’ అయి కూర్చుంది. తర్వాత అర్థమైంది. పేరు మార్చిన ప్రతిసారీ కంప్యూటర్ పాత పేరునూ కొత్త పేరునూ పక్కపక్కన దాచుకుంటుంది. సమవర్తి మొన్న బేస్తవారం వాటిని చదివేసి, మార్పులు పసిగట్టే కాపలా ఒకటి మా కంప్యూటర్లోనే వదిలి పోయింది. పెంట నాలుగు అంటే ఆసుపత్రి అని దానికి చదువు చెప్పిన పంతులమ్మను నేనే.

పరీక్ష కోసం దీపాల చార్జింగ్‌కు ‘బూడిద’ అని పెట్టి చూశాను. వెంటనే పక్కన గుర్తు పడింది, పరిశీలనలో. ఏడో బాయిలో చెత్త పేరు కనిపిస్తే దాని కింద ఏదో ఉందని నేర్చేసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

సమవర్తిని చూసుకునే పైఆఫీసుకు ఫోను చేశాను. ఎవరో అబ్బాయి, గొంతు చాలా మర్యాదగా ఉంది. పసిపిల్ల సంగతి చెప్పి, మా వెచ్చపెట్టెను మినహాయించమని బతిమాలాను.

"నాకూ పిల్లలున్నారు మేడమ్, అర్థమవుతుంది. కానీ ఒక్క బాయికి మినహాయింపు ఇస్తే మిగతా ముప్పై తొమ్మిదికీ అన్యాయం చేసినట్టే కదండీ."

నిజమే కదా. నా మేనకోడలికి ఆగకుండా వేడి కావాలంటే ఇంకో బాయిలో ఇంకో తల్లి బిడ్డకు తగ్గాలా? ఆ పాపం నేను మోయగలనా? అందుకే అడిగాను.

"మిగతా బాయిల్లో వెచ్చపెట్టెలు రోజుకు ఎన్ని గంటలు నడుస్తున్నాయి బాబూ? పిల్లలు తట్టుకుంటున్నారా?"

ఏవో మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. "మిగతా బాయిల్లో వెచ్చపెట్టెలు లేవండి. మా జాబితాలో మీదొక్కటే ఉంది."

"నలభై బాయిల్లో నెల తక్కువ బిడ్డ మాకొక్కరికే పుట్టిందా?"

"జాబితాలో అలాగే ఉంది మేడమ్" అన్నాడు.

ఫోను పెట్టేశాను. మొదట నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. ముప్పై తొమ్మిది బాయిల్లో ముప్పై తొమ్మిది చీపుర్లు, పెంటలు, పాతచెప్పులు ఉన్నాయి. వాటి కింద పిల్లలు వెచ్చగా పడుకుని ఉన్నారు. పేరు సరిదిద్దిన తెలివైనదాన్ని నేనొక్కదాన్నే.

7
కనెక్షన్: ఆసుపత్రి - వెచ్చపెట్టె (పరిశీలనలో)

దారి ఒకటి దొరికింది. సగమే దొరికింది.

ఆసుపత్రి డబ్బాను పూర్తిగా చెరిపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇక్కడ కంప్యూటర్లో మరిచిపో నొక్కాలి. అప్పుడు అది కొత్త డబ్బాగా కనిపిస్తుంది, పాత పేరుకూ దానికీ సంబంధం ఉండదు. ఆ తర్వాత సమవర్తి చూసినా వదిలేసేటట్టు ఓ పేరు పెట్టాలి. చిక్కంతా ఆ పేరు దగ్గరే. అంకెలా వదిలేద్దామంటే ఊరూపేరూ లేని కొత్త డబ్బా కనిపిస్తే అది లోపలికంటా పోయి చూస్తుంది. చెత్త పేరైతే పట్టుకుంటుంది. బతికున్న మనిషి పేరైతే, జనాభా రిజిస్టర్లో చూసి ఆ మనిషి వాటా కరెంటే పెట్టెకు ఇస్తుంది, అది ఒక్క దీపానికి మాత్రమే సరిపోతుంది.

అది ఏయే పేర్లను వదిలేసిందో వెతుకుతుంటే ఒకటి కంటపడింది. ‘కొమురయ్య ఫోను: రద్దైన పేరు. అవసరం లేదు. వదిలేయడమైనది.’ జనాభా రిజిస్టర్లో కొట్టేసిన పేరైతే అది రెండోసారి చూడదు. లేని మనిషికి ఏం అవసరం ఉంటుంది మరి!

ఆసుపత్రికి దిగి, నీలవేణికీ సారయ్యకూ చెప్పాను. ఓదెలు కాక కూడా కర్ర పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చనిపోయినవాళ్ళ పేరు ఏదైనా ఒకటి పెడదామన్నాను. మా అమ్మ పేరే పెడదామన్నాను.

అంతవరకూ నన్ను ఒక్క మాట అనని నీలవేణి లేచి నిలబడింది.

"వదినా, నీకు దండం పెడ్త. సచ్చినోళ్ళ పేరు నా బిడ్డ పెట్టెకు పెడ్తవా? ఇద్దరిని మట్టిల పెట్టొచ్చిన. మళ్ళ ఆ పేర్లు దీని తలకాడ వద్దు. ఏదైనా గానియ్, గది మాత్రం వద్దు!"

"అది ఉత్త పేరేనే, కంప్యూటర్లో..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. పేరుదేముంది అని అనడానికి నాకు ఏ మొహం ఉంది? పేరు కోసం పదిహేనేళ్ళకే రిజిస్టర్ ఆఫీసుకు ఒంటరిగా నడిచి పోయినదాన్ని నేను.

ఓదెలు కాక ఆ మసక కళ్ళు నావైపే తిప్పి నిలబడ్డాడు. మా అమ్మ నన్ను కుప్ప మీద పెట్టిన రోజున ఈయన అక్కడే ఉన్నాడు. ఆయనకు తెలుసు. అయినా నోరు విప్పలేదు, మర్యాదస్తుడు.

"బతికున్న మనిషిదే, రద్దైన పేరు ఒకటి ఉంది" అన్నాను నేను.

సారయ్య తల ఎత్తి, "అక్కా, నువ్వు..." అన్నాడు.

"ఊకోరా. డబ్బా ఎక్కడుందో చూపియ్యి."

8
కనెక్షన్: నెట్‌వర్క్ 31

డబ్బా చెరిపి తిరిగి మొదలయ్యేదాకా పెట్టె ఆగిపోతుంది. అందుకని ముందే అన్నీ సిద్ధం చేసుకున్నాం. గ్రేసమ్మ వేడినీళ్ళ సీసాలకు గుడ్డ చుట్టి పెట్టింది. నీలవేణి రవిక గుండీలు విప్పి, పిల్లను గుండెకు ఆనించుకుని, మీద రెండు దుప్పట్లు కప్పుకుంది. సారయ్య ఆ ఇద్దరినీ వెనకనుంచి పట్టుకుని కూర్చున్నాడు. నేను డబ్బా వెనక మీట నొక్కి దాన్ని చెరిపి, పైకి వచ్చి మరిచిపో మీద నొక్కాను. నొక్కేటప్పుడు ఆ మాట చదవకూడదని కళ్ళు పక్కకు తిప్పుకున్నాను.

జాబితాలోంచి ఆసుపత్రి పోయింది. కొత్తది రాదు. ఎంతకీ రాదు. కింద పిల్ల ఒళ్ళు చల్లబడుతోందేమో, గ్రేసమ్మ సీసాలు మారుస్తోందేమో, ఇక్కడ నాకు ఏమీ తెలియదు. దేవుళ్ళందరికీ మొక్కాను. చిన్నప్పుడు అమ్మ మొక్కిన దేవుళ్ళ పేర్లన్నీ గుర్తుకు వచ్చాయి, నేను మానేసినవాళ్ళతో సహా.

చివరకు వచ్చింది, నెట్‌వర్క్ 31. దానికి కనెక్ట్ అయి, ముందు వేడి వేశాను. కింది మెట్ల మీంచి సారయ్య కేక వినిపించేదాకా ఆగాను.

"వచ్చింది అక్కా! పెట్టె వెచ్చగైతంది!"

అప్పుడు పేరు మార్చు నొక్కాను. తెర మీద పేరు రాసే గడి ఖాళీ అయింది, అందులో గీత మినుకుమినుకుమంటోంది. ఎన్నేళ్ళయిందో ఆ అక్షరాలు రాసి. బడిలో ముక్కులు మూసుకున్న పిల్లలు గుర్తుకు వచ్చారు. చెత్తలో పెట్టి తీసినందుకు అమ్మతో నేను వేసుకున్న తగాదాలు గుర్తుకు వచ్చాయి. "నువ్వు బతకాలనే పెట్టిన్నే పిచ్చిదానా" అని ఆమె అంటే, ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా అని నేను అరిచాను. అమ్మ అబద్ధం చెప్పలేదు. ఇది ఆమెకు చెప్పడానికి ఆమె లేదు. అది బాధగా ఉంది, చాలా బాధగా ఉంది.

కొట్టాను. పెంటమ్మ. సరే నొక్కాను.

9
కనెక్షన్: పెంటమ్మ

బేస్తవారం.

పొద్దుటినుంచి తెర ముందే కూర్చున్నాను. అందులో పెంట అన్న ముక్క ఉంది కదా, అది చూసి పట్టుకుంటే? రిజిస్టర్ చూడకుండా ముందే పరిశీలన గుర్తు వేసేస్తే? ఓదెలు కాక వచ్చి నా పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తెర ఆయనకు కనిపించదు. "వచ్చిందా?" అని నిమిషానికోసారి అడుగుతుంటే, నోరు మూసుకోమని పెద్దాయన అని కూడా చూడకుండా కసిరాను.

సమవర్తి చదవడం మొదలుపెట్టింది. పేర్లు ఒక్కొక్కటే మెరిసి ఆగుతున్నాయి. ‘నీళ్ళు - మూడో లెవల్: కొనసాగింపు.’ ‘గాలి - నాలుగో లెవల్: కొనసాగింపు.’ ‘ఆసుపత్రి - వెచ్చపెట్టె: దొరకలేదు.’ దొరకలేదన్న దగ్గర కొంతసేపు ఆగింది. ‘కొమురయ్య ఫోను: రద్దైన పేరు. అవసరం లేదు. వదిలేయడమైనది.’

తర్వాతది.

‘పెంటమ్మ: రద్దైన పేరు. అవసరం లేదు. వదిలేయడమైనది.’

గట్టిగా చదివి వినిపించాను. కాక చేతిలోని కర్ర కింద పడేసుకుని చప్పట్లు కొట్టాడు. నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. పుట్టినప్పటినుంచి ఇప్పటిదాకా నన్ను ఎవరైనా అవసరం లేదంటే ఊరుకున్నదాన్ని కాను. ఇవాళ ఆ మాట కోసమే కూర్చున్నాను, ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది.

నీళ్ళూ గాలీ మాత్రం వెనక్కి రాలేదు. సమవర్తి చేతిలోకి పోయిన డబ్బాలను తాకడానికి లేదు. బిందెల వరుస పెరిగినప్పుడల్లా జనం నన్ను తిడుతున్నారు. తిట్టనీ. నేను చేసిన పనికి ఆ మాత్రం పడాలి. కొత్త డబ్బాలు దొరికితే వాటికీ ఏదో దారి చూస్తానని పంచాయితీకి చెప్పాను. ఈసారి ఏ పేరైనా మార్చేముందు నలుగుర్ని అడుగుతానని కూడా చెప్పాను.

10
కనెక్షన్: పెంటమ్మ

ఇవాళ పిల్లకు పేరు పెట్టాం. అసలు రోజు ఎప్పుడో దాటిపోయింది. పెట్టెలోంచి తీశాకే పేరు అని నీలవేణి పట్టుబట్టింది. నిన్న తీశారు. ఇప్పుడు దాని పిడికిలి నా వేలు చుట్టూ పూర్తిగా వస్తోంది, పట్టుకుంటే వదలదు. మొండిది.

రిజిస్టర్‌కు నీలవేణి చందన అని రాయించింది. మంచి పేరు, దాని వాటా దీపం దానికి వస్తుంది. చెవిలో చెప్పే పేరు మేనత్త ఇష్టం. అందరూ చుట్టూ కూర్చున్నారు. సారయ్య నావైపు చూసి, భయపడి, మళ్ళీ పిల్లవైపు చూశాడు.

"ఏం పేరు చెప్తవ్ వదినా?" అని నీలవేణి అడిగింది.

"నీకిష్టమైందే" అన్నాను.

"నాకిష్టమైంది నువ్వు పెట్టవు."

"ఏదో చెప్పు."

కన్నీళ్ళతో నన్ను చూసి నవ్వింది. నాకు అర్థమైంది.

ఆ పేరును నేను ఇక రిజిస్టర్లో తిరిగి రాయించుకోలేను. దీనికీ రాయించలేం. మా బాయిలో ఎవరికైనా అది మళ్ళీ రిజిస్టర్లో ఎక్కితే సమవర్తి దాన్ని చూస్తుంది, ఆ పెట్టెలో పడుకునే రేపటి పిల్లకు వేడి ఆగిపోతుంది. కాగితం మీద అది ఎప్పటికీ కొట్టేసిన పేరుగానే ఉండాలి. ఇన్నేళ్ళ తర్వాత కావాలనిపించినప్పుడు నాకు దక్కకుండా పోయింది. కానీ నోటికి ఎవరు అడ్డం? చెవికి ఎవరు అడ్డం?

వంగి, పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పాను. పెంటమ్మ, పెంటమ్మ, పెంటమ్మ. పిల్ల ముఖం చిట్లించి తుమ్మింది. అందరూ నవ్వారు.

అప్పుడే ఆలస్యంగా వచ్చిన ఓదెలు కాక గుమ్మంలోంచి కేక వేశాడు. "ఓ పెంటమ్మా! ఏడున్నవే?"

ముప్పై ఏళ్ళుగా ఆ పిలుపుకు నేను తల తిప్పలేదు.

"ఎవర్ని పిలుస్తున్నవ్ కాకా?" అని సారయ్య అడిగాడు.

"నాకేమన్న కనపడ్తదా? ఎవరు పలికితే వాళ్ళనే."

ఇద్దరం పలికాం.